గాలి పుట్టిల్లు

మా అత్తమ్మ గడప దాటి వచ్చి చెప్పేదాకా మా వాడలో ఎవరూ పడుగు వేసేవారు కాదు. ఈ మాట నేను గొప్పకే చెబుతున్నాను. చౌటుప్పల్ పక్కన ఊరు మాది. వాడంతా మగ్గాలవాళ్లమే, ఇంటింటా గుంట మగ్గం ఉండేది. ఎంత మీసాలున్న మగవాడైనా సరే, తెల్లవారకముందే లేచి అరుగు మీద కూర్చుని, చుట్ట కాల్చుకుంటూ మా ఇంటి వైపే చూసేవాడు. ఆమె బయటికి వచ్చేది. ద్వారబంధానికి వేలాడదీసిన నూలు చిలపను, అంటే దారపు కట్టను, రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపి చూసేది. "వెయ్యుండ్రి" అంటే వాడ కదిలేది. "ఇయ్యాల వద్దు" అంటే ఎవరి ఇంట్లోకి వాళ్లు పోయేవారు. ఎందుకని ఎదురు అడిగినవాణ్ణి నేను చూడలేదు.

నేత పని ఎరగనివాళ్లకు ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. బట్టలో నిలువుగా సాగే దారాలను పడుగు అంటారు. మగ్గం ఎక్కించే ముందు ఆ పడుగును వీధి పొడవునా సాగదీసి, కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వాలి. గంజి పట్టని దారం మగ్గం మీద ఆగదు, పీచు లేచి తెగిపోతుంది. ఈ పని ఇంట్లో అయ్యేది కాదు. పొద్దు పొడవకముందే వీధిలో మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ముగించాలి. ఆ కాసేపూ మా బతుకు గాలి చేతిలో ఉంటుంది. గాలి మరీ పొడిగా ఉంటే కుంచె తిరిగేలోపే గంజి బిగుసుకుని దారాలు పెళుసెక్కుతాయి. తడిగా ఉంటే ఎంత దువ్వినా ఆరక ఒకదానికొకటి అంటుకుంటాయి. వాన పడిందా, ఇక చెప్పేదేముంది, గంజి కారిపోయి నెలరోజుల కష్టం బురదలో కలుస్తుంది. రైతు మబ్బు వైపు చూస్తాడు. మేము దారం పట్టుకుని చూస్తాం.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది పాలమూరు జిల్లా పడమటి కొస నుంచి, నారాయణపేట దిక్కు నుంచి. రెండు రాష్ట్రాలూ కలిసిన కొత్తలో నా పెళ్లయింది. పుట్టింట్లో పదేళ్ల నాటి నుంచే గంజి కాచినదాన్ని, నాకు తెలియని పని లేదని అనుకునేదాన్ని. నా ముక్కు మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు, అప్పుడు మరి పదహారేళ్లు.

మొదటి శ్రావణంలో వానలు రెండు రోజులు తెరిపిచ్చాయి. ఆ ఉదయం అత్తమ్మ పడుగు వెయ్యమని చెప్పి, గంజి కాచే పని మొదటిసారి నాకు అప్పగించింది. "చిక్కగ కాయి, నూనె జర చూసి పొయ్యి" అని మాత్రం అంది. నాకు ఒకరు చెప్పాలా? మా అమ్మ కాచినట్టే కాచాను. పల్చగా జావలాగ, నూనె ధారాళంగా. మా దిక్కున శ్రావణంలోనైనా గాలి రయ్యిన కొడుతుంది, గంజి క్షణంలో ఆరిపోతుంది. పల్చగా కాచి నూనె పోస్తే తప్ప దారం మెత్తగా ఉండదు. ఇక్కడ ఆ రోజు గాలి కదలకుండా నిలబడి ఉంది. పడుగు ఆరలేదు. మధ్యాహ్నానికి దారాలు చిక్కులు పడ్డ జుట్టులా ముద్దకట్టాయి. మా ఆయన కుంచె కింద పడేసి నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది.

నేను, అత్తమ్మ కూర్చుని రెండు రోజులు దారం దారం విడదీశాం. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. రెండో రోజు సాయంత్రం నేనే ఉండబట్టలేక, "మా ఇంట్ల గిట్లనే కాస్తం అత్తమ్మా, ఎన్నడు చెడలే" అన్నాను.

"చెడది మరి. గంజి మీ అవ్వగారింటిది, గాలి ఈడిది. రెండిటికి పొత్తు కుదరలే" అంది.

తరువాత ఆమె చెప్పిన మాట నాకు బతుకంతా పనికొచ్చింది. "నువ్వు మా ఇంటికి వచ్చేటప్పుడు ఏం తెచ్చినవ్? రెండు చీరలు, మీ అమ్మ నేర్పిన గంజి. గాలి గూడ గంతే. యాడ పుట్టిందో ఆ ఇంటి అలవాటు కొంగున కట్టుకొని వస్తది. వచ్చినప్పుడు దాని పుట్టిల్లు ఏదో అడిగి తెలుసుకోవాలె. అప్పుడు గంజి కాయాలె."

అలా మొదలైంది నా చదువు. బడి ముఖం చూడనిదాన్ని, ఈ చదువు మాత్రం కుదురుగా చదివాను. అత్తమ్మకు ఒక్కో గాలి ఒక్కో కోడలు. దీపావళి దాటాక ఉత్తరం నుంచి దిగే గాలి ఉందే, అది నీళ్లు లేని ఇంట్లో పుట్టింది, మనిషి గట్టిది, పెదవులు పగలగొడుతుంది, కానీ మాట తప్పదు, ఆ గాలిలో వేసిన పడుగు చెడదు. ఎండాకాలంలో వాయవ్యం నుంచి వచ్చేది నిప్పుల కొలిమిలో పుట్టింది. రోహిణి కార్తెలో దాని నోట్లో పడితే దారం కాదు, మనిషే ఎండిపోతాడు. ఆ రోజుల్లో మేము చుక్కలు ఉండగానే మొదలుపెట్టి పొద్దు పొడిచేసరికి ముగించేవాళ్లం. మృగశిరలో పడమటి నుంచి వచ్చేది సముద్రం ఇంటిది. కాకపోతే దారిలో కొండలు ఎక్కిదిగి, తెచ్చిన నీళ్లు సగం అక్కడే ఒలకబోసుకుని మన దగ్గరికి వస్తుంది. అందుకే మనకు చినుకులు ఎక్కువ, వరద తక్కువ. తూర్పు గాలి కూడా సముద్రం ఇంటిదే, దాని కొంగు ఎప్పుడూ తడిగా ఉంటుంది, దాన్ని చూస్తే అత్తమ్మ మొహం చిట్లించేది.

ఆమె సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. నల్గొండ దాటి తూర్పుకు పోయిన మనిషి కాదు. మరి ఎట్ల తెలుసని అడిగితే, "కోడలి మాట తీరు చూస్తే పుట్టిల్లు తెలువదా? పోయి చూడాల్నా?" అనేది.

నేను రెండేళ్లలో పట్టేశాను. పొడి గాలిలో నూలు వేళ్ల మధ్య కరకరలాడుతుంది. తడి గాలిలో మెత్తబడి సోలిపోతుంది. మగ్గానికి కట్టిన పురితాళ్లు తడికి బిగుసుకుంటాయి, పొడికి వదులవుతాయి. ఇవన్నీ చేతితో తెలుసుకునేవే. నా చెయ్యి మంచి చెయ్యి. ఇది కూడా గొప్పకే చెబుతున్నాను.

అరవైల మొదట్లో మా ముందు గదిలోకి ఒక సారు కిరాయికి దిగాడు. బందరు దిక్కు నుంచి మా బడికి బదిలీ అయి వచ్చినాయన, భూగోళం చెప్పేవాడు. మంచివాడే కానీ మా మాట వింటే ఆయనకు నవ్వు ఆగేది కాదు. "వస్తాంది, పోతాంది ఏమిటండీ, వస్తోంది అనలేరా?" అనేవాడు. మీరు 'అండీ' అని తోక తగిలించకుండా ఒక్క మాట అనండి చూద్దాం అని నేను ఎదురు అడిగేదాన్ని. ఆయన భార్య లోపల నుంచి కిసుక్కున నవ్వేది.

ఒకరోజు తెల్లవారి ఆయన వేపపుల్ల నములుతూ అరుగు మీద నిలబడ్డాడు. అత్తమ్మ దారం నలిపి, నాతోనూ నలిపించి, "ఈ గాలి పుట్టిల్లు ఎండల దేశం, గంజిల నూనె ఇంకొంచెం పొయ్యి" అని నాతో చెప్పడం విన్నాడు. పుల్ల నోట్లోనే ఆగిపోయింది. లోపలికి పోయి పుస్తకం పట్టుకొచ్చాడు.

"మామ్మగారూ, మీరు చెప్పింది ఇందులో ఉంది. దీన్ని వాయురాశి అంటారు" అని చదివి వినిపించాడు. గాలి ఒకే రకం నేల మీదో, ఒకే నీటి మీదో చాలా రోజులు కదలకుండా నిలిచిపోతే, ఆ చోటి వేడి, చలి, తడి, పొడి అన్నీ దానికి పట్టుకుంటాయట. వందల మైళ్ల వెడల్పున అదంతా ఒకే గుణంగా ఉంటుందట. అక్కడి నుంచి కదిలినప్పుడు ఆ గుణాన్ని వెంట తీసుకుని వస్తుందట. వచ్చిన చోట కొన్నాళ్లుంటే మెల్లమెల్లగా ఆ చోటి గుణానికి మారుతుందట.

అత్తమ్మ అంతా విని, "గంతేనా? గీ ముచ్చటకు గింత బుక్కా?" అంది.

సారు కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ తరువాత మా ఇద్దరికీ ఆయన మంచి దోస్తు అయ్యాడు. రెండు వాయురాశులు ఎదురెదురు వస్తే ఏమవుతుందో కూడా ఆయనే చెప్పాడు. అవి పాలూ నీళ్లలా కలవవట. చల్లగా బరువుగా ఉన్నది కింద బైఠాయిస్తుందట, వెచ్చగా తేలికగా ఉన్నది దాని మీదికి ఎక్కుతుందట, ఎక్కి చల్లబడి మబ్బు అవుతుందట. మన చైత్రంలో ఉన్నట్టుండి పడే వడగళ్లకు కూడా తూర్పు తడి గాలి, పడమటి పొడి గాలి మా నెత్తి మీద కలుసుకోవడమే కారణమట. "తోటికోడళ్లు ఒక్క పొయ్యి కాడ నిలబడ్డట్టు" అంది అత్తమ్మ. సారు ఆ మాట బడిలో పిల్లలకు చెప్పాడని మా వాడ పిల్లలే వచ్చి చెప్పారు. మా అత్తమ్మ మాటను బందరు సారు నల్లబల్ల మీదికెక్కించి పాఠం చెబుతున్నాడంటే నేను వారం రోజులు బావి దగ్గర అదే ముచ్చట చెప్పుకుని తిరిగాను.

అప్పటికి రెండేళ్ల నుంచే అత్తమ్మలో ఒక మార్పు వచ్చింది. పొద్దున దారం పట్టుకుని, నన్ను పిలిచి నా చేతికిచ్చేది. "నువ్వు చెప్పు, నేర్చినవో లేదో చూస్త" అనేది. నేను చెప్పేదాన్ని. ఆమె తల ఊపి వాడకు వినపడేలా అదే మాట చెప్పేది. నన్ను పరీక్షిస్తోందని, నా మీద నమ్మకం కుదిరిందని మురిసిపోయాను.

ఒకనాడు పొయ్యి మీద గంజి పొంగింది. గుడ్డ అందక నేను వెతుకుతుంటే ఆమె వట్టి చేతులతో గంజి కుండ పట్టుకుని దించింది. చటుక్కున చెయ్యి వెనక్కి తీయలేదు. దించాక వేళ్లు చూసుకుని, బొబ్బలెక్కుతుంటే కొంగులో దాచుకుంది. నలభై ఏళ్లు గంజిలో నానిన చేతులు. ఎప్పుడో మొద్దుబారాయి. నాకు ఆ క్షణంలో అంతా అర్థమైంది. ఆమె నన్ను పరీక్షించడం లేదు, అడుగుతోంది.

ఆమెతో అనలేదు. మా ఆయనతో కూడా అనలేదు. వాడంతా తన మాట కోసం ఎదురుచూస్తుంటే ఆ చేతులు పోయాయని చెప్పడం అంటే ఆమె ప్రాణం తీయడమే. ఆమెకు ఆ గడప ముందు నిలబడడమే బతుకు. నా నోటికి తాళం పడడం అప్పుడొక్కసారే.

ఆ మరుసటి ఏడు కార్తీకంలో ముసురు పట్టి పదిహేను రోజులు మగ్గాలన్నీ నిలిచిపోయాయి. వాడలో తొమ్మిది పడుగులు సిద్ధంగా చుట్టి ఉన్నాయి. మనుషులు విసిగిపోయి ఉన్నారు. ఆ తరువాత ఒక తెల్లవారి ఆకాశం తేటపడింది. ఉత్తరం నుంచి చల్లగాలి వీచింది. చలికాలం దిగిందని వాడంతా లేచి కూర్చుంది.

ఆ రోజు నా చంటిదానికి ఒళ్లు కాలిపోతుంటే నేను లోపల తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను. అత్తమ్మ నన్ను పిలవలేదు. ఒంటరిగా బయటికి పోయింది. కాసేపటికి "వెయ్యుండ్రి" అన్న ఆమె గొంతు వినిపించింది. తొమ్మిది ఇళ్ల వాళ్లు కర్రలు దించుతున్న చప్పుడు కూడా వినిపించింది.

బిడ్డను భుజాన వేసుకుని గడప దాకా వచ్చాను. అలవాటుగా చిలప పట్టుకున్నాను. చల్లగా ఉంది, అది సరే. కానీ నూలు కరకరలాడడం లేదు, వేళ్ల మధ్య సోలిపోయింది. లోపలికి పోయి మగ్గం పురితాడు లాగి చూశాను. బిగుసుకుని ఉంది. చలి వేరు, పొడి వేరు. అది ఉత్తరం నుంచే వస్తోంది గానీ, దాని కొంగు నిండా నీళ్లున్నాయి. వచ్చిన దారి ఏదైనా, దాని పుట్టిల్లు మాత్రం సముద్రం.

నేను బయటికి వచ్చేసరికి వీధి పొడవునా కర్రలు లేచాయి. గంజి కుండలు వచ్చాయి. ఇంకొక్క క్షణం ఆగితే తొమ్మిది పడుగులు గంజిలో తడుస్తాయి. గంజి పడిన పడుగును వెనక్కి చుట్టడానికి ఉండదు.

"వద్దు!" అని అరిచాను. "ఇయ్యాల వెయ్యొద్దు!"

వీధి ఆగిపోయింది. వాడ పెద్దమనిషి, మాకు వరుసకు మామ అవుతాడు, కుంచె ఎత్తి నిలబడినవాడు నిలబడినట్టే నవ్వాడు. "అత్త వెయ్యుమంటాంది, కోడలు వద్దంటాంది. ఇగ మేం ఎవరి మాట వినాలె?" అన్నాడు.

మా ఆయన నా దగ్గరికి వచ్చి పళ్లు నూరాడు. "అమ్మ మాట మీద మాట చెప్తున్నవా? నీకు మతి ఉన్నదా?"

సారు కూడా అరుగు మీదే ఉన్నాడు. ఆయనను చూశాను. "ఉత్తరపు గాలే కదండీ, చెల్లెమ్మా. ఈ నెలలో ఉత్తరం నుంచి వచ్చేది పొడిగాలే, పుస్తకంలో ఉన్నదే కదా" అన్నాడు.

అందరూ నా వైపే చూస్తున్నారు. నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె కొంగు నడుముకు దోపుకుని మొదటి కర్ర దగ్గర నిలబడి ఉంది. ముఖం రాయిలా ఉంది. నేను ఒక్క మాట అంటే అందరూ నమ్ముతారు. ఆమె వేళ్లకు స్పర్శ లేదు, దిక్కు చూసి చెప్పింది, దారం చూసి కాదు అని. ఆ ఒక్క మాట నా నోటి చివరే ఉంది. బయటికి రాలేదు. తొమ్మిది పడుగులా, ఆమె పరువా అని ఆ కాస్సేపట్లో నన్ను ఎవరైనా అడిగితే నేనేం చెప్పేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు. బిడ్డను గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, అది కూడా కోపంతోనే.

అత్తమ్మ నన్ను చాలాసేపు చూసింది. నాకు తెలుసునని ఆమెకు అప్పుడే తెలిసింది. మెల్లగా నడిచి వచ్చి చిలప పట్టుకుంది. నలిపింది. ఇంకోసారి నలిపింది. వదిలేసింది.

"ఇనుండ్రి" అంది, వాడంతటికీ వినపడేలా. "నా చేతి ఏళ్లు సచ్చిపోయి మూడేండ్లు దాటె. నిప్పు పట్టుకున్నా నాకు తెలుస్తలేదు. ఇన్నొద్దులు మీకు నేను చెప్పిన మాటలన్ని దీని చేతివే. ఇయ్యాల ఇది బిడ్డ కాడ ఉన్నది, నేను దిక్కు చూసి చెప్పిన. తప్పు చెప్పిన. కర్రలు తియ్యుండ్రి."

నాకు తెలిసినంతలో ఆ మనిషి తన తప్పును నోరు విప్పి ఒప్పుకున్నది అదొక్కసారే, అదీ నడివీధిలో, మగవాళ్ల ముందర. ఆ తరువాత చాలామంది పెద్దవాళ్లను, పేరున్నవాళ్లను చూశాను. అంత నిటారుగా నిలబడి తప్పు ఒప్పుకున్నవాళ్లను చూడలేదు. ఆమె కోడలినని చెప్పుకోవడానికి నాకు ఇంతకంటే ఏం కావాలి?

ఎనిమిది ఇళ్లవాళ్లు కర్రలు తీశారు. పెద్దమనిషి మాత్రం తీయలేదు. "ఆకాశం అద్దం లెక్క ఉన్నది. ఆడోళ్ల పంచాయితీకి నేను పడుగు చుట్టుకోవాల్నా?" అని గంజి పట్టించాడు. వాళ్ల ఇంటివాళ్లు పొద్దెక్కేదాకా దువ్వారు. ఎంత దువ్వినా ఆరలేదు. పొద్దు నడినెత్తికి రాకముందే తూర్పున సన్నని తెల్లమబ్బు పొర లేచింది, తరువాత గబగబా నల్లబడింది. మొదటి చినుకు పడగానే వాడంతా పరుగెత్తింది. నేనూ పరుగెత్తాను, బిడ్డను సారు భార్య చేతిలో పెట్టి. పదిమందిమి పట్టి ఆ పడుగును లోపలికి చేర్చేసరికే గంజి మోచేతుల దాకా కారింది. అందులో సగం కూడా దక్కలేదు. ఆ ఇంటామె గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. నా మాట నెగ్గిందని లోపల ఒక మూల సంతోషపడ్డాను, దాచడం ఎందుకు? కానీ ఆమెను చూశాక ఆ సంతోషం నిలవలేదు. తరువాత వారం ఆ నూలు విడదీయడానికి నేనూ రోజూ పోయాను.

నాలుగు రోజులు విడవకుండా పడింది. రెండో రోజున సారు చౌటుప్పల్ పోయి పత్రిక తెచ్చాడు. సముద్రంలో వాయుగుండం లేచి బందరుకు ఇంకా దిగువన తీరం దాటిందట. ఆయన మా అరుగు మీద సుద్దముక్కతో గుండ్రని గీత గీసి చూపించాడు. గుండం చుట్టూ గాలి గిర్రున తిరుగుతుందట. సముద్రంలో పుట్టిన గాలే పైనుంచి చుట్టుకుని మన మీదికి ఉత్తరం వైపు నుంచి దిగుతుందట. దిక్కు చూస్తే చలికాలపు పొడిగాలి అనిపిస్తుంది, గుణం చూస్తే అది సముద్రపుదే.

"అంటే వాయురాశిని దిక్కుతో గుర్తుపట్టకూడదండీ, గుణంతోనే పట్టాలి. పుస్తకంలో ఆ మాట కూడా ఉంది, నేనే సరిగ్గా చదవలేదు" అన్నాడు.

"సముద్రం ఒడ్డున పుట్టినోరు సారు మీరు. మీ అవ్వగారింటి గాలి మీ ముక్కు కింద నుంచి పోతుంటే పట్టలేకపోతిరి" అన్నాను. ఆయన భార్య ఈసారి బయటికే వచ్చి నవ్వింది. ఆయనా నవ్వాడు. మా 'వస్తాంది, పోతాంది'లను వెక్కిరించడం ఆ రోజుతో మానేశాడు.

ఆ నాలుగు రోజులూ అత్తమ్మ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. మూలకు కూర్చుని బిడ్డకు ఊయల ఊపింది. నాకు భయం వేసింది. ఇక గడప ముందుకు రాదేమో, ఆ ఒక్క మాటతో మనిషి చితికిపోయిందేమో అని. అన్నం పెడుతూ ఒకసారి, "నా మీద కోపమా అత్తమ్మా?" అని అడిగాను. పులుసు ఇంకొంచెం వెయ్యమంది.

ఐదో రోజు తెల్లవారి లేచేసరికి పక్కన ఆమె పడక ఖాళీగా ఉంది. గబగబా బయటికి వచ్చాను. గాలి మారింది. పెదవి మీద చుర్రున తగిలింది. చలికాలపు అసలు గాలి అప్పుడు దిగింది. మగవాళ్లంతా ఎప్పటిలాగే అరుగుల మీద కూర్చుని చుట్టలు కాలుస్తున్నారు. పడుగు పోగొట్టుకున్న పెద్దమనిషి కూడా ఉన్నాడు. మా గడప ముందు ఎవరూ లేరు.

అత్తమ్మ ఎదురింటి అరుగు మీద, ఆ మగవాళ్ల పక్కన కూర్చుని ఉంది. వాళ్లందరిలాగే మా గడప వైపు చూస్తూ ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. ఆమెను చూసి అరుగుల మీది మగవాళ్లు కూడా ఒక్కొక్కరే లేచారు.

"ఏమంటవు బిడ్డా? వెయ్యుమంటవా?" అని అడిగింది.

ఆ ఇంటికి వచ్చి ఆరేళ్లయింది. అప్పటిదాకా ఆమె నన్ను 'పిల్లా' అని తప్ప పిలవలేదు. దారం పట్టుకున్నాను. వేళ్ల మధ్య కరకరమని పలికింది. ఇంకోసారి నలిపాను, తొందరపడలేదు. వాడంతా వేచి ఉంది.

"వెయ్యుండ్రి" అన్నాను.

అందరికంటే ముందు మా అత్తమ్మే కర్ర ఎత్తుకుని వీధిలోకి నడిచింది.